సెమిసి చెల్లెలి చాప

“విప్పు. ముందు ఆ చింకి చాప విప్పు, తర్వాత ఏడుద్దువుగాని,” అంది లెసియెలి.

వాకిట్లో పందిరి కింద ఊరంతా కూర్చుని ఉంది. గదిలో ఆమె భర్త సెమిసి శవం ఉంది. ఆక్లాండ్ నుంచి దీవిలో అప్పుడే దిగిన ఆడపడుచు లాతై, భుజం మీది సంచి కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడింది. ఒంటికి చుట్టుకున్న మొగలాకు చాప చంకల దాకా వచ్చి, కింద పాదాల్ని కప్పేసింది. అంచులు పీచులు పీచులుగా వేలాడుతున్నాయి.

“ఇదే ఉండనీ వదినా,” అంది లాతై.

“ఎందుకుండాలి? అది చచ్చినవాడి పిల్లలు కట్టుకునేది. అదిగో, నా పిల్లలిద్దరూ అలాంటివే కట్టుకుని పెరట్లో చేమదుంపలు ఉడకేస్తున్నారు. నువ్వు చెల్లెలివి. సన్నచాప కట్టుకుని అన్న తల దగ్గర కూర్చోవాలి. నువ్వు కూర్చుంటే గానీ పాస్టరు నోరు తెరవడు, శవం లేవదు. ఆక్లాండ్ చలికి మన పద్ధతులు కూడా గడ్డకట్టాయా నీకు?”

పందిట్లో ఎవరో కిసుక్కుమని, ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నారు.

లెసియెలి పెట్టె తెరిచి, ఒక చాప తీసి లాతై ముందు పరిచింది. పట్టులా జారిందది. లేత తేనె రంగు. మబ్బు పట్టిన ఆ గదిలో అదొక్కటే వెలుగుతున్నట్టుంది. అంత పంతంలోనూ లాతై వంగి దాన్ని వాసన చూడకుండా ఉండలేకపోయింది. ఉప్పునీళ్లూ, ఎండా కలిసిన వాసన.

“నీ కోసమే అల్లాను. కట్టుకో.”

“వద్దు వదినా.”

“ఏం, నేనల్లింది నీ ఒంటికి ఆనదా?”

“ఇది నేనే అల్లుకున్నాను. అక్కడ, వంటింట్లో నేల మీద కూర్చుని. ఆయన పంపిన ఆకులతో.”

ఆ మాటతో లెసియెలికి ఒళ్లు మండిపోయింది.

“ఆయన పంపాడా? కోసింది నేను. ముళ్లు గీకింది నేను. ఉడకేసి, సముద్రంలో నానేసి, ఎండేసింది నేను. నా చేతులు చూడు. ఏటా మంచి కట్టలన్నీ ఏరి నీకని ఓడెక్కించేవాడు. ‘దానికి ఊరు గుర్తుండాలి’ అనేవాడు. మా కూతురు వికాకి ఏరగా మిగిలినవే. ఒక్కరోజైనా నోరెత్తానా?”

“అవును, ఆకులే పంపాడు.” లాతై సంచి కింద పడేసింది. “కట్ట విప్పగానే ఇల్లంతా మన తీరం వాసనేసేది. చిన్నపిల్లలా మొహం అందులో పెట్టుకునేదాన్ని. తర్వాత ఒక్కో చుట్టా విప్పి వెతికేదాన్ని, ఎక్కడైనా ఒక్క మాట దాచాడేమోనని. లేదు. పిరికివాడు.”

“శవాన్ని తిడతావా?”

లెసియెలి ఆ చాప కొస పట్టుకుని గట్టిగా లాగింది. పీచులు పుటుక్కుమన్నాయి.

“ఊరందరి ముందూ మొగుడి శవాన్ని లేవనీయకుండా నన్ను నిలబెడతావా? కూర్చుంటావా, కూర్చోవా?”

“కూర్చుంటాను. పెరట్లో, వికా పక్కన.”

సెమిసి మేనత్త పిసిలా గోడ పట్టుకుని, వంగిన నడుముతో ఇద్దరి మధ్యకీ వచ్చింది. ఆ ఇంట్లో ఆమె మాటకి ఎదురు లేదు. లెసియెలి చాప వదిలేసి పక్కకి జరిగింది.

“మీరైనా బుద్ధి చెప్పండత్తా.”

పిసిలా లాతైని చూసింది. ఆమె జడని మెల్లగా విప్పి వీపు మీద పరిచింది. తర్వాత తన సంచిలోంచి కత్తెర తీసింది.

“నీ పిల్లల్ని లోపలికి రమ్మను లెసియెలీ,” అంది. “తండ్రి పోయినప్పుడు బిడ్డలందరి జుట్టూ ఆ తండ్రి మేనత్తే కత్తిరించాలి కదా. సెమిసి పెద్దకూతురితో మొదలుపెడుతున్నాను.”