వెయ్యని ఎత్తు

"ఇవాళ కప్పు రాకపోతే సోమవారం నుంచి మీ చెస్ క్లాసు గది లెక్కల ట్యూషన్‌కి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను ఏమీ అనుకోవద్దు," అంది హెడ్‌మిస్ట్రెస్, గొంతు తగ్గించి.

చెస్ టీచర్ చూపంతా అడ్డంగా కట్టిన తాడుకి అవతల, హాలు మధ్యలో వేసిన బల్ల మీదే ఉంది. బల్లకి ఇటు పక్క పిట్ట కూర్చుంది. మనిషి అంత చిన్నది కాబట్టి బడంతా దాన్ని అలాగే పిలుస్తుంది. కుర్చీలో కాళ్లు నేలకి ఆనడం లేదు. అటు పక్క వేరే బడి పిల్ల, టై బిగించుకుని, కింది పెదవి కొరుక్కుంటోంది. బడుల మధ్య పోటీలో ఇదే ఆఖరి ఆట.

బయట పొద్దుటి నుంచి ముసురు. హాల్లో పగలే లైట్లు వేశారు. తడి గొడుగులు గోడ వెంట కారుతున్నాయి.

"చదువులు పాడైపోతున్నాయని తల్లిదండ్రులు నా ప్రాణం తీస్తున్నారు," హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ అందుకుంది. "మీరు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగేశారు, కాదనను. కానీ వాళ్ల ముందు పెట్టడానికి నాకూ ఏదో ఒకటి ఉండాలిగా."

"ఉంటుంది మేడమ్. అటు చూడండి."

"నాకేం తెలుస్తుందమ్మా. గుర్రం తప్ప మిగతావన్నీ నా కంటికి ఒక్కలాగే ఉంటాయి."

"అవతలి రాజు తన బంట్ల వెనకాలే ఇరుక్కుపోయాడు. మన ఏనుగు తిన్నగా ఆ చివరి గడిలోకి వెళ్తే ఇంకెటూ కదల్లేడు. ఆట కట్టు. ఒక్క ఎత్తు, అంతే."

హెడ్‌మిస్ట్రెస్ మెడ సాచి చూసింది. "మరి అది మన పిల్లకి కనిపించిందంటారా?"

"నిద్రలో లేపి అడిగినా వేస్తుంది."

పిట్ట ఏనుగు మీద చెయ్యి వేసింది. టీచర్ ఊపిరి బిగబట్టింది. పిట్ట ఒకసారి తలెత్తి ఎదుటి పిల్ల మొహం చూసింది. ఆ పిల్లకీ విషయం అర్థమైపోయినట్టుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. పిట్ట తల దించుకుంది. ఏనుగుని పక్కకి జరిపి, తీసుకెళ్లి అవతలి శకటు దారిలో, దానికి దొరికేలా పెట్టింది.

టీచర్ చేతిలో తాడు బిగుసుకుంది.

"గెలిచామా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"లేదు మేడమ్."

ఆ తర్వాత ఆట చూడబుద్ధి కాలేదు. ఏనుగు పోయింది. కాసేపటికి మంత్రీ పోయింది. చివరికి పిట్ట తన రాజుని తనే పడుకోబెట్టి, బల్ల మీంచి చెయ్యి చాచింది. ఎదుటి పిల్ల ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. హాలు చప్పట్లు కొట్టింది.

కప్పు ఇచ్చాక గెలిచిన పిల్ల తండ్రి నవ్వుతూ వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. "మీ అమ్మాయి మామూలుది కాదు మేడమ్. మా దానికి చెమటలు పట్టించేసింది," అని పిట్ట తల నిమిరాడు. ఆయన కూతురు కప్పుని గుండెలకి అదుముకుని వెనకాలే నిలబడింది.

వాళ్లు వెళ్లిపోయాక హెడ్‌మిస్ట్రెస్ తన గొడుగు వెతుక్కుంది.

"సోమవారం తాళాలు ఆఫీసులో ఇచ్చేయండి. బోర్డులూ అవీ మీరే పట్టుకుపోండి, మాకెందుకు," అంది. రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "నా నోటితో అనకూడదు గానీ, ఆటకి ముందు కుళాయి దగ్గర ఆ పిల్లా ఇదీ గుసగుసలాడుకోవడం నా కళ్లారా చూశాను. ఏం బేరం కుదిరిందో కనుక్కోండి."

టీచర్ పిట్ట రెక్క పట్టుకుని బయటి వరండాలోకి నడిపించుకెళ్లింది. చెస్ క్లాసు పిల్లలంతా అక్కడే మెట్ల మీద జల్లు పడకుండా ఒదిగి కూర్చున్నారు.

"టీచర్, సోమవారం క్లాసుంటుందా?" అని ఒకతి అడిగింది.

టీచర్ విననట్టే వాళ్లని దాటి, వరండా చివర కుర్చీలు పేర్చిన మూలకి వెళ్లి ఆగింది.

"చివరి గడికి దారి కనిపించలేదా నీకు?"

"కనిపించింది టీచర్."

"కనిపించీ ఎందుకు వెయ్యలేదు?"

పిట్ట గౌను అంచు నలుపుకుంటూ నిలబడింది.

"కుళాయి దగ్గర ఏం మాట్లాడుకున్నారు? ఆ పిల్ల ఏమిస్తానంది నీకు?"

"ఏమీ ఇస్తాననలేదు."

"మరి? అక్కడ కూర్చున్నారే, వాళ్లందరి నోట్లో మట్టి కొట్టావు. ఇంకెక్కడికెళ్లి ఆడుకుంటారు వాళ్లు? నేను మళ్లీ ఏ మొహం పెట్టుకుని ఇల్లిల్లూ తిరగను?"

పిట్ట నోరు విప్పలేదు. ఆ మౌనం చూసేసరికి టీచర్‌కి ఒళ్లు మండిపోయింది. చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియలేదు. చెంప మీద దెబ్బ వరండా అంతా వినిపించింది. మెట్ల మీద మాటలు ఆగిపోయాయి.

టీచర్ తన అరచేతి వంక చూసుకుంది.

పిట్ట ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని, ఏదో లెక్క తప్పిన దానిలా ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. మెల్లగా అంది:

"ఓడిపోయి ఇంటికెళ్తే వాళ్ల నాన్న కొడతాడంట. నేనోడిపోతే మా టీచర్ కొట్టదులే అని దానికి చెప్పాను, టీచర్."