మోకాలెత్తు కిటికీ

గదిలో సిమెంటు బస్తాల మీద ఎవరో ముసలాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

పొద్దున్నే పని చూడ్డానికి వచ్చిన ఆర్కిటెక్టుకి ఒళ్లు మండింది.

"మేస్త్రీ! ఎవరీయన? ఇదేమన్నా సత్రమా?"

మేస్త్రీ పరుగున వచ్చాడు. "గేటు తీసి ఉంటే వచ్చేసినట్టున్నాడమ్మా. లేవయ్యా, లే!"

ముసలాయన కంగారేమీ పడలేదు. తల ఎడమ పక్కకి తిప్పి, గోడకున్న చిన్న కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. లేచి నిలబడటానికి మాత్రం చాలాసేపు పట్టింది. రెండడుగులు వేసి తూలాడు.

"పొద్దున్నే చుక్క పడ్డట్టుంది," అంటూ ఆమె ముక్కు మూసుకుంది. వాసనేమీ రాలేదు. అయినా మూసుకుంది.

"అమ్మా, ఈ కిటికీ ఉంచుతారా?" అని అడిగాడాయన.

ఆ కిటికీని చూస్తేనే ఆమెకి నవ్వొచ్చేది. నేలకి మోకాలెత్తున, కాస్త పక్కకి తిరిగి ఉంది. నిలబడి చూస్తే బయటి నేల తప్ప ఏమీ కనపడదు.

"దీన్ని పెట్టినవాడు కూడా ఈయన బాపతే అయ్యుంటాడు!"

పనివాళ్లంతా నవ్వారు. ముసలాయన కూడా కొంచెం నవ్వాడు.

"తాగి పెట్టింది కాదమ్మా, కొలిచి పెట్టింది. ఒక్కసారి ఇక్కడ పడుకుని చూడండి."

"నేనా? ఈ దుమ్ములోనా? మేస్త్రీ, బయటికి పంపించు!"

పాత ఇళ్లని కొత్తగా మార్చడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఏ గోడ తీయాలో, ఎక్కడ వెలుగు పడాలో ఇట్టే చెప్పేస్తుంది. ఈ ఇల్లు కొన్నావిడ అడిగింది ఒకటే. "మా నాన్నకి పక్షవాతం. ఇక మంచమే ఆయన లోకం. ఈ గదిలోకి రాగానే ఆయనకి ప్రాణం లేచి రావాలి."

అందుకే పైకప్పు కోసి గాజు వేయిస్తోంది. గాజులోంచి దిగిన ఎండ మచ్చలేని తెల్లగోడ మీద పరుచుకోవాలి. ఆ గోడకి పానకంలో పుడకలా ఈ కిటికీ!

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి అదే మాట అడిగాడు.

నాలుగో రోజుకి ఆమెకి సంగతి అర్థమైపోయింది. అర్థమైందనుకుంది.

"పాత సామాన్లు కొనేవాడు, మేస్త్రీ. టేకు చెక్క మీద కన్నేశాడు. ఆ ఫ్రేము పీకి మొహాన కొట్టు, పీడా పోతుంది."

ఫ్రేము ఆయన చేతిలో పెట్టించి, "ఇక ఈ ఛాయలకి రాకు," అంది.

ఆయన దాన్ని గుండెకి ఆనించుకుని, తూలుతూ గేటు దాటాడు.

మూడు నెలలకి ఇల్లు తయారైంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పత్రికవాళ్లు వచ్చి ఫొటోలు కూడా తీసుకెళ్లారు.

ఇంటావిడ తండ్రిని తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఆయన గాజుకప్పు వైపు చాలాసేపు చూశాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది తల్లీ," అన్నాడాయన, మాట కూడదీసుకుంటూ. "కానీ ఆకాశంలో మనుషులు తిరగరుగా!"

తల మెల్లగా ఎడమ పక్కకి తిప్పాడు. అక్కడ తెల్లగోడ ఉంది. కళ్లు మూసుకున్నాడు.

ఆయన్ని స్నానానికి తీసుకెళ్లాక ఆర్కిటెక్టు చెప్పులు విడిచి ఆ మంచం మీద పడుకుంది. ఇన్నేళ్లలో ఎన్ని పడకగదులు గీసిందో లెక్కలేదు. ఒక్కదానిలోనూ పడుకుని చూడలేదు.

తల ఎడమకి తిప్పింది.

కిటికీ ఉండుంటే సరిగ్గా కంటికి ఎదురుగా ఉండేది. గేటు, ఎదుటి టైలర్ షాపు, వచ్చేపోయే జనం, వీధి మలుపు దాకా కనపడేవి. అది పక్కకి తిరిగి ఉన్నది ఆ మలుపు కోసమే. సిమెంటు బస్తాల మీద ఆ ముసలాయన పడుకున్నదీ ఇలాగే.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. చెప్పులైనా వేసుకోకుండా టైలర్ షాపుకి పరిగెత్తింది.

"తూలుతూ నడిచే ముసలాయన ఒకరు వచ్చేవారు. మీకేమైనా తెలుసా?"

టైలర్ మిషను ఆపాడు. లోపలి నుంచి దుప్పటి చుట్టిన ఫ్రేము తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీరు ఎప్పటికైనా వస్తారన్నారమ్మా. వస్తే ఇది ఇవ్వమన్నారు."

"ఆయన్ని కలవాలి. క్షమించమని అడగాలి."

"పోయిన నెల పోయారమ్మా."

ఆమెకి ఫ్రేము ముట్టుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఆయన వడ్రంగా? ఆ ఇల్లు కట్టిన మేస్త్రీనా?"

"రెండూ కాదమ్మా. ఆ ఇంట్లో ఉండేవారు," అన్నాడు టైలర్, తల దించుకుని. "వెన్ను విరిగి ఆ గదిలో నాలుగేళ్లు మంచం మీదున్నప్పుడు, పడుకునే వేలితో చూపించి ఆ కిటికీ పెట్టించుకున్నారు. ఇక లేవరని డాక్టర్లు వదిలేసిన మనిషి, అందులోంచి వీధిని చూసీ చూసీ ఆశ పుట్టి, తూలుకుంటూనైనా లేచి ఈ వీధిలోకి వచ్చారు."