దవడ పన్ను

“లోపల ఏం జరిగినా మీరు ఏడవకూడదు వెర్లీన్ గారూ. తెలిసిందా?”

జైలు గేటు ముందు లాయరమ్మ కాష్మన్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపేసింది. పొద్దెక్కకముందే టెక్సస్ ఎండ మాడు పగలగొడుతోంది. వెర్లీన్ చేతిలో లోపలివి కనబడే ప్లాస్టిక్ సంచీ, దాన్నిండా చిల్లర. లోపలున్న మిషన్లో తమ్ముడికి తినడానికేమైనా కొనాలంటే ఆ చిల్లరే గతి.

“ఏడిస్తే ఏమవుతుంది తల్లీ?”

“ఎందుకు ఏడుస్తున్నావని మీ తమ్ముడు అడుగుతాడు. మాటలో మాట వస్తుంది. బుధవారం తనని చంపేస్తారనీ, ఎందుకు చంపుతున్నారనీ అతనికి తెలుసని తేలిందా, ఇక మన చేతుల్లో ఏమీ లేదు. తెలీదని, ఇవాళ అతన్ని పరీక్షించే డాక్టరు జడ్జికి చెప్పాడా, బతికిపోతాడు.”

పిచ్చివాణ్ణి చంపకూడదు. పిచ్చి కుదిరితే చంపొచ్చు. చట్టం అంత దయగలది మరి.

“ఒక్కమాట చెప్పు. మా డెల్బర్ట్‌కి నిజంగానే మతి పోయిందా, లేక నటిస్తున్నాడా?”

“నన్నడక్కండి. అతన్ని అసలే అడక్కండి.”

ఇన్నేళ్ళూ తమ్ముడికి మంచి బుద్ధి ఇమ్మని చర్చిలో మోకరిల్లిన మనిషి, ఆ గేటు దాటుతూ వాడికి పిచ్చే ఉండాలని దేవుణ్ణి వేడుకుంది. ఎవరికి రావాలి అలాంటి కష్టం?

మందపాటి అద్దం అవతల తెల్ల బట్టల్లో డెల్బర్ట్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. మాట్లాడ్డానికి అతని దగ్గర ఒక ఫోను, ఇవతల రెండు. ఒకటి వెర్లీన్ తీసుకుంది, రెండోది ప్రభుత్వం పంపిన డాక్టరు ఓస్టర్‌మాన్ చెవికి ఆనించుకున్నాడు. ఆయన నోట్లో పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తున్నాడు. కాష్మన్ వాళ్ళ వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

“అక్కా, బుగ్గ వాచిందేమో చూడు,” అన్నాడు డెల్బర్ట్ దవడ పట్టుకుని.

వాపూ లేదు, ఏమీ లేదు. “కొంచెం వాచిందిరా,” అంది వెర్లీన్. “బర్గర్ కొన్నాను, ఇచ్చారా?”

“ఇచ్చారు. ఎలా నమలమంటావు? నీకు ఎప్పుడూ అంతే, ముందూ వెనకా చూడవు.”

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “డెల్బర్ట్, బుధవారం నిన్ను వ్యానులో తీసుకెళ్తున్నారు. ఎక్కడికో తెలుసా?”

“తెలియకేం? పళ్ళ డాక్టరు దగ్గరికి.”

“అక్కడ ఏం చేస్తారు?”

“పడుకోబెట్టి పట్టీలు బిగిస్తారు, నేను కాళ్ళూ చేతులూ ఆడించకుండా. చేతికి సూది గుచ్చుతారు. నిద్రపోతాను. పన్ను ఊడొస్తుంది.”

“ఆ తరవాత?”

“మా అక్క వచ్చి ఇంటికి తీసుకెళ్తుంది. అక్కా, ఆ పూటకి మెత్తగా ఉడకబెట్టిన బంగాళాదుంపలు చాలు. మాంసం వద్దు.”

వెర్లీన్ ఫోను రెండో చెవికి మార్చుకుంది. “వెన్న వేసి మెదుపుతాలే,” అంది.

డాక్టరు అద్దం మీదికి వంగాడు. “పెట్రోలు బంకు ముసలాయన, హాస్కిన్స్, గుర్తున్నాడా?”

“ఎందుకు గుర్తుండడు? పాపం, ఆయనకీ పన్ను నొప్పే. నేనే పీకాను.” డెల్బర్ట్ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “రక్తం ఆగలేదు. ఎంతసేపు చూసినా ఆగలేదు.”

సొంత తమ్ముడే అయినా, ఆ అద్దం మధ్యలో ఉన్నందుకు ఆ క్షణాన వెర్లీన్‌కి ధైర్యంగానే అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

డాక్టరు ఇంకా ఏవేవో అడిగాడు. ఎటు తిప్పి అడిగినా జవాబు మాత్రం ఆ దవడ పన్ను దగ్గరికే వచ్చింది. చివరికి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, జేబులోంచి ఇంకో పిప్పరమెంటు తీస్తూ ఆయన కాష్మన్ వైపు తిరిగాడు.

“నాకు ఇక అనుమానం లేదమ్మా. ఇతనికి ఏమీ అర్థం కావడం లేదు. జడ్జికి అదే చెబుతాను.”

కాష్మన్ చెయ్యి వచ్చి వెర్లీన్ భుజాన్ని గట్టిగా నొక్కింది. బతికాడు, నా తమ్ముడు బతికాడు! ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ పట్టుబడకూడదు కదా. వాడి ధోరణిలోనే వాడికి నాలుగు మాటలు చెప్పి లేచి వెళ్ళిపోదామనుకుంది.

“భయపడకురా. బుధవారం నేనూ వస్తాను. వాళ్ళు సూది గుచ్చేటప్పుడు అక్కడా ఇలాగే అద్దం ఇవతల ముందు కుర్చీలోనే కూర్చుంటా. కళ్ళు మూతలు పడేదాకా నా మొహమే చూస్తూ ఉండు. సరేనా?”

డెల్బర్ట్ దవడ మీంచి చెయ్యి తీసేశాడు. అంతవరకూ ఎటో తిరుగుతున్న కళ్ళు వచ్చి ఆమె కళ్ళలో నిలిచాయి. చిన్నప్పటినుంచీ తను ఎరిగిన కళ్ళు.

“మాట్లాడకు నాన్నా,” అంది వెర్లీన్ గబగబా. “పన్ను నొప్పెడుతుంది. ఫోను పెట్టెయ్. పెట్టెయ్యరా!”

డాక్టరు నోట్లో బిళ్ళ చప్పరించడం ఆగిపోయింది.

“నువ్వు రావద్దక్కా,” అన్నాడు డెల్బర్ట్ నెమ్మదిగా. “ఆ ముసలాయన్ని నేను చంపాను, అందుకు వీళ్ళు నన్ను చంపుతున్నారు. నేను చస్తుంటే నువ్వు చూడకు.”