పదీ పదికి వచ్చిన పెట్టె

"టైమ్ ఖతం అమ్మా! పదింటికే రిజిస్టర్ మూసేశాం."

జంగ్లీఘాట్ చేపల జెట్టీ మీద టేబుల్ వేసుకు కూర్చున్న యుగంధర్, తన చేతి గడియారాన్ని కళ ముఖం ముందు పెట్టాడు. పదీ పది.

"ఫెర్రీల సంగతి మీకు తెలియనిదా సార్!" ఆటోలోంచి దింపించిన చెక్కపెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది కళ. నీళ్లకు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో వడ్రంగి కొట్టు ఆమెది.

ఈ దీవుల్లో చేపల పడవలకు ఐస్ పెట్టెలు కొనే సర్కారు ఆఫీసులో యుగంధర్ అధికారి. ఈ సోమవారం టెండరు అతని సొంత ఆలోచన. పెట్టె దేనితో చేశారని అడగరు. ఐస్ నింపి, సీలు వేసి, బుధవారం తెరిస్తే సగమైనా మిగలాలి. అలా మిగిల్చిన వాళ్లకు రెండు వందల పెట్టెల ఆర్డరు. కొత్త బుర్రలకు తలుపులు తెరిచానని కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాడు. పాత షరతు ఒకటి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పెట్టెను ఏదో ఒక సర్కారు ఆఫీసు వాడినట్టు కాగితం చూపించాలి.

"వాడితేనే కదా సార్ కాగితం వచ్చేది? కాగితం లేందే ఎవరు వాడతారు?" అని కళ పోయిన నెలే అడిగింది.

"పై నుంచి వచ్చిన రూలమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

ఆ కాగితం లేకే ఇందాక ధనరాజు అనే ఇంకో వడ్రంగి పెట్టె ఇంటిదారి పట్టింది. పైగా రిజిస్టర్‌లోకి ఎక్కి తిరస్కారమైతే ఏడాది దాకా ఏ టెండరూ వేయకూడదు.

"నీ పేరు ఎక్కనే లేదు, అదీ మంచిదే. మళ్లీ పిలిచినప్పుడు వేసుకో" అని ఓదార్చాడు యుగంధర్.

"ఇంత బరువు మళ్లీ ఎక్కడ మోసుకుపోను సార్? బుధవారం పట్టుకెళ్తాను. లోపల మా అచ్చమ్మ పిన్నికని ఐస్‌లో పెట్టి తెచ్చిన నిమ్మ షర్బత్ సీసాలున్నాయి, మీరూ తాగండి. మూత గట్టిదే, కూర్చోవచ్చు కూడా."

జెట్టీలో చేపలమ్మే అచ్చమ్మ అక్కణ్నుంచే చెయ్యూపింది. యుగంధర్‌కు జాలేసింది. "సరే, ఆ పక్కన పెట్టు" అన్నాడు.

పోటీలో మిగిలిన, కాగితాలున్న మూడు పెట్టెలూ సీలు వేయించుకుని నీడలో, కాపలాలో దర్జాగా ఉన్నాయి. కళ పెట్టె ఎండలో ఉంది. దాని మీద ఆఫీసువాళ్లు కూర్చున్నారు, టీ గ్లాసులు పెట్టారు, షర్బత్ కోసం వందసార్లు మూత తీశారు. సోమవారం సాయంత్రం యుగంధర్ ఇంటికని సుర్మాయి చేప కొని, కాసేపుంటుందని అందులోనే సీసాల అడుగున పెట్టాడు. పరీక్ష హడావుడిలో దాని సంగతే మర్చిపోయాడు. భార్య పుష్పావతి చేతిలో చీవాట్లూ తిన్నాడు.

బుధవారం పదింటికి సీళ్లు విప్పారు. మొదటి పెట్టెలో నీళ్లు. రెండోదాంట్లోనూ నీళ్లే. మూడోదాంట్లో అరచెయ్యంత ఐసుముక్క తేలుతోంది.

"అయిపోయింది! మళ్లీ మెయిన్‌లాండ్ నుంచి ఓడలో తెప్పించుకోవడమే" అని యుగంధర్ నీరసంగా కళ పెట్టె మూత తీసి, షర్బత్ కోసం చెయ్యి పెట్టాడు. చేతికి చేప తగిలింది.

"అరె! సోమవారం నాటి చేప!" అంటూ ముక్కు మూసుకున్నాడు.

అచ్చమ్మ వచ్చి చేపను పైకెత్తి, మొప్పలు విప్పి చూసింది. "ఏటి బాబూ, ముక్కు మూసేసుకుంటావు? ఇది ఈ పొద్దున పట్టినట్టే ఉంది."

కింద ఐస్ సగానికి పైనే ఉంది. అందరూ పెట్టె చుట్టూ మూగారు.

"ఈ ఐస్ ఎప్పుడు వేశావమ్మా?" యుగంధర్ ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు.

"సోమవారం ఇంటి దగ్గర వేసిందే సార్. రెండు చెక్కల మధ్య చాతం కలప మిల్లు రంపపు పొట్టు, కొబ్బరి పీచు కూరాను. అంతే."

"ఇంత మంచి పెట్టె రిజిస్టర్‌లో లేకపోయిందే!" అని తల పట్టుకున్నాడతను.

"పోనీలెండి సార్. రెండు రోజులు మీ ఆఫీసు దీన్ని వాడింది కదా, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి."

యుగంధర్ ఆమెను కాసేపు తేరిపార చూసి, పకపకా నవ్వాడు. రాశాడు. ఎండతో సహా, చేపతో సహా ఉన్నదున్నట్టు రాసి, గుండ్రటి ముద్ర కొట్టాడు. కాగితం అందుకుంటుంటే సంతోషంతో కళ కళ్లు చెమర్చాయి. ఇక ఆమెను ఆపే షరతే లేదు.

"పదిహేనో తారీఖున మళ్లీ టెండరు. ఈసారైనా తొలి ఫెర్రీకి రా తల్లీ!"

"అలాగే సార్" అంది కళ, నవ్వాపుకుంటూ.

సోమవారం కూడా ఆమె వచ్చింది తొలి ఫెర్రీకే. పది దాటేదాకా ఆటో దిగలేదంతే.