సాస్‌పాన్ ఆంటీ

వీధి మలుపులో తెల్లకారు కనిపిస్తే చాలు, పక్కింటి డోరా ఆంటీ సాస్‌పాన్ మీద గరిటెతో టంగుటంగుమని వాయించేది.

"తెల్లకారు. పిల్లలూ, లోపలికి పొండి."

ఆవిడ అబోరిజినల్, అంటే ఆ దేశపు ఆదివాసి ముసలావిడ. ఒంటరిది. గిరావీన్‌లో మరియరాణి ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య మోకాలెత్తు కంచె.

మరియరాణి కూతురు జాక్లిన్‌కీ, చెల్లెలి కూతురు సెరీనాకీ అదో ఆట. మోత వినగానే మంచం కింద దూరేవాళ్లు.

ఓసారి ఇంటి ప్రార్థనకి పాస్టర్‌ గారు వచ్చారు. మంచం కిందనుంచి జాక్లిన్ గొంతు వినిపించింది.

"పాస్టర్ అంకుల్, యువర్ కార్ ఈజ్ వైట్."

ఆయన మోకాళ్లూని బతిమాలారు. ఎలాగూ మోకాళ్ల మీదున్నాను కదా అని ప్రార్థన కూడా అక్కడే కానిచ్చారు.

"ఆవిడకి కొంచెం తిక్కండీ," అంది మరియరాణి.

"కొంచెమేనా?" అన్నాడు ఆమె భర్త సమూయేలు.

ఎనభైతొమ్మిది మార్చిలో ఓ తెల్లకారు సరిగ్గా వాళ్లింటి ముందే ఆగింది. పిల్లల సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ దిగింది. ఈ ఇంట్లో ఓ పాపకి తల్లెవరో తెలియడం లేదని ఎవరో ఫోన్ చేశారట.

"సెరీనా తల్లి ఎవరు?"

"నేనే," అంది మరియరాణి.

"మా మరదలండీ," అన్నాడు సమూయేలు, అదే క్షణంలో.

ఆఫీసరమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"అంటే, నేను పెద్దమ్మని. బిగ్ మదర్."

"అయితే స్మాల్ మదర్ కూడా ఉందా?"

"ఉందండీ. దూరంగా డబ్బో ఊళ్లో నర్సు. అన్నీ నైట్ డ్యూటీలు. అందుకే పాప నా దగ్గర."

"పాప బట్టలు సర్దండి. సంగతి తేలేదాకా మా దగ్గరుంటుంది."

సెరీనా మరియరాణి కొంగు పట్టుకుంది.

డోరా ఆంటీ సాస్‌పాన్‌తో సహా కంచె దాటి వచ్చింది. తిన్నగా వెళ్లి కారు బానెట్ మీద కూర్చుంది.

"అమ్మకి అక్క అమ్మ కాకపోతే అంబులెన్స్ డ్రైవరా? డబ్బోకి ఫోన్ చెయ్యి. అప్పటిదాకా నేను దిగను."

ఫోన్ చేయక తప్పలేదు. అవతల చెల్లెలు ఏడ్చింది, తిట్టింది, చివరికి ఔను, పాప నాదే అంది. కారు ఖాళీగా వెళ్లింది.

వీధి వీధంతా చూసింది. సమూయేలు బుర్ర గోక్కున్నాడు.

"తెల్లకారు వస్తుందని ఈవిడకి ముందే ఎలా తెలుసు రాణీ?"

"నాకూ అదే అనుమానమండీ. ఫోన్ చేసింది ఆవిడేనేమో."

వారం తిరక్కుండా సమూయేలు ఆరడుగుల చెక్క కంచె కట్టించాడు. దాని అవతలనుంచి టంగుటంగుమనే మోత మాత్రం మానలేదు.

ఆగస్టులో మానింది.

ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన డోరా ఆంటీ చెల్లెలు తలుపు తట్టింది. చేతిలో సాస్‌పాన్.

"పక్కింటి బిగ్ మదర్‌కి ఇమ్మంది అక్క, పోయేముందు."

నిండా సొట్టలే. మరియరాణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెల్లకారు సంగతి ఆవిడకి ముందే ఎలా తెలుసు?"

"మావాళ్లలో ఆ కారు ఆగని ఇల్లు ఏదమ్మా? అక్క మనవల్ని ముగ్గుర్నీ ఎక్కించుకుపోయింది అలాంటి కారే. వచ్చినవాళ్లు మంచివాళ్లనుకుని అప్పుడు తను వంటింట్లో వాళ్లకి టీ కాస్తోంది, దీంట్లోనే."