చేప లేని చోటు

“వెచ్చదనం సరిపోయింది. ఉప్పు సరిపోయింది. మేత బోలెడంత. మరి ఈ చేప ఇక్కడెందుకు లేదు?”

సముద్రాల సమాచారంతో ఏ చేప ఎక్కడుంటుందో పటం గీసే మా ఆయన తన కంప్యూటరును నిలదీస్తున్నారు.

“మన పాప గదిలోనూ అన్నీ ఉన్నాయి. ఏసీతో సహా,” అన్నాను బట్టలు మడత పెడుతూ.

కాలేజీకి సెలవులిచ్చి వారమైనా అమ్మాయి ఇంటికి రాలేదు. మా చెల్లెలింట్లో దిగింది.

“అక్కడేముందట? ఫ్యానే సరిగ్గా తిరగదు!”

“మీ లెక్కలో ఆ చేపను తినేవాటిని వేశారా?”

“లేదు. ఇవన్నీ నీళ్ళ లెక్కలు. ఆ నీళ్ళలో ఇంకెవరుంటారో వెయ్యలేదు.”

“గదికీ అంతే చేశారు. మా చెల్లెలింట్లో దాని మీద ఎవరూ అరవరు.”

“నేనెప్పుడు అరిచాను?” అని అరిచారు.

పక్కింటి వాళ్ళ కిటికీ మూసుకుంది.

ఆయన ఆ కిటికీ వైపు చూశారు. తర్వాత పటంలో ఖాళీగా ఉన్న చోటు వైపు చూశారు.

“దానికి ఫోను చెయ్యి,” అన్నారు గొంతు తగ్గించి.

“మీరు మాట్లాడతారా?”

“నువ్వే మాట్లాడు. నేను వింటాను.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు. ఆ కంగారులో ప్లంబరుకి ఫోను చేశాను.