తుడిచేయాల్సిన గొంతు

మా బ్యాండులో పాడే డెల్మర్ గొంతు సాయంత్రం కచేరీలకే చాలేది కాదు. అందుకే పగలు మోటెల్ బాత్‌రూము గోడలకు దుప్పట్లు కట్టి, కొత్త ఆల్బమ్ పాటలు బేసు గిటారు వాయించే నేనే పాడి రికార్డు చేసేవాణ్ణి.

“ఊరికే మనవాళ్లు వాయించుకోడానికి పాడరా వెండెల్. టూరయ్యాక నీది తుడిచేసి నేను పాడతాగా!” అనేవాడు డెల్మర్.

నలభై ఊళ్లు తిరిగేసరికి వాడి గొంతు బొంగురుపోయింది. రికార్డు కంపెనీ ఆగలేదు. నా గొంతునే వాడి పేరు మీద, అట్ట మీద వాడి బొమ్మతో అమ్మేసింది.

తుల్సా కచేరీనాడు వాడు మంచం దిగలేదు. మైకు నాకిచ్చారు. బాత్‌రూములో పాడినట్టే పొల్లుపోకుండా పాడాను.

రెండో చరణంలోనే ముందు వరసలో ఒకావిడ ఆ రికార్డు ఊపుతూ లేచింది.

“ఆపవయ్యా బాబూ, డెల్మర్ పాటని ఖూనీ చేస్తున్నావు! ముందు ఇంటికెళ్లి ఇది విని నేర్చుకో!”